సంత గింజ

ఎనభై మూడో ప్యాంటు బల్ల మీదికి వచ్చేసరికి ఒతీలియా కుడిచెయ్యి పట్టు తప్పింది. గరుకు కాగితం జారి కింద పడింది. తీసుకుందామని వంగితే నడుము పట్టేసింది. లేవలేక, బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

"లేవ్వే, పైనుంచి మేస్త్రీ చూస్తున్నాడు" అంది పక్క బల్ల దగ్గరున్న ఫిలో, తల తిప్పకుండానే.

"చూడనీ. వాడొచ్చి రుద్దుతాడా?"

"రుద్దడు. నీ బల్ల ఇంకొకత్తికిస్తాడు."

ఒతీలియా లేచింది. పని ఇదే. పొద్దున ఏడింటినుంచి కొత్త గుడ్డను పాతగుడ్డ చెయ్యడం. తొడల మీద ఎంత వెలిసిపోవాలో, మోకాళ్ళ దగ్గర ఎంత అరగాలో చూపించే నమూనా ప్యాంటు ఎదురుగా గోడకు వేలాడుతూ ఉంటుంది. ఇరవై ఏళ్ళు పొలంలో మోకాళ్ళ మీద పాకినవాడి ప్యాంటులా కనిపించాలి. కొనేవాడు మాత్రం జన్మలో మోకాలు వంచి ఉండడు. రుద్దిన చోట ఊదారంగు మందు పిచికారీ కొడితే గుడ్డ తెల్లబడుతుంది. ఆ మందు కొట్టే వంతు వచ్చినప్పుడల్లా వారమంతా ఒతీలియాకు ముక్కులోంచి రక్తం పడుతుంది. సోమవారం నుంచి మళ్ళీ ఆమె వంతు.

వారానికి పదిహేడు వందల పెసోలు. ఆ ప్యాంట్లు అవతలి దేశంలో ఎంతకు అమ్ముతారో ఫిలో ఒకసారి ఫోనులో చూసింది. రెండు కొంటే వారం జీతం అయిపోతుందని లెక్క తేల్చి, ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఇంజనీరు రోబ్లెదో కబురు పంపాడు. ఫ్యాక్టరీ పెత్తనమంతా ఆయనదే. గదిలోకి వెళ్ళగానే "కూర్చో ఒతీలియా" అన్నాడు. ఆరేళ్ళలో ఆ గదిలో ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. ఆమె కుర్చీ అంచుమీద కూర్చుంది.

బల్లమీద చిన్న గోధుమరంగు అట్టముక్క ఉంది. దానిమీద ఆకుపచ్చగా ఒక ఆకు బొమ్మ.

"ఇది చూడు. నీళ్ళు పాడుచెయ్యకుండా చేసిన ప్యాంటని గుర్తు. వచ్చే ఏటినుంచి ఈ ఆకు లేని ప్యాంటు కొనరట. అక్కడి కుర్రకారుకి భూమ్మీద ప్రేమ పుట్టుకొచ్చింది."

"మంచిదేగా ఇంజనీరుగారూ."

"మంచిది కాదని నేనన్నానా? నీళ్ళు శుభ్రం చేసే తొట్లు పెట్టమన్నారు. పెట్టాను. అవి ఇరవైనాలుగ్గంటలూ తిరగాలంటే కరెంటుకి ఎంతవుతుందో తెలుసా? ప్యాంటుకి ఇచ్చే రేటు మాత్రం నాలుగేళ్ళ కిందటిదే. పైసా పెంచమంటే, పక్క దేశంలో ఇంకా తక్కువకి చేస్తున్నారు అంటారు. ఆకు కావాలి, ఆకు ఖరీదు మాత్రం నేనే పెట్టుకోవాలి."

అందుకని తొట్లు తనిఖీ రోజుల్లోనే తిరుగుతాయి. మిగతా రోజుల్లో నీలిమందు నీళ్ళు తిన్నగా కాలువలోకి పోతాయి. ఇది ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. పైన పటారం, లోన లొటారం.

"గురువారం ఒక అమ్మాయి వస్తోంది. తనిఖీకి, రాజధాని నుంచి. కాగితాలు చూపిస్తే సరిపోయే రకం కాదట. మన నీళ్ళు ఎవరి పొలానికి పోతాయో ఆ పొలం చూస్తుందట. అక్కడ పండినదాన్ని ఆ ఇంటివాళ్ళతో కూర్చుని తింటుందట. ఉత్తరంలో ముందే రాసింది. గేటు దాటాక కాలువమీద మొదటి పొలం మీ ఆయనదే కదా?"

"మాదేనండీ. కానీ ఆ గింజ మేము…"

"తెలుసులేవమ్మా. మీ ఇంట్లో వాడుకునే గింజే వండు. ఆ పిల్లకి కడుపునొప్పి రావాలని నాకేమైనా సరదానా? రొట్టెలు ఇంటి గింజవి. మాట మాత్రం పొలం గింజ అని. ఒక్క మాట, అంతే." ఆయన అట్టముక్కను వేలితో తిప్పాడు. "చీటీలు కుట్టే గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చుని చేసే పని. మందు వాసన అటువైపే రాదు. సోమవారం నుంచి అక్కడికి పో."

ఆమె ఆ అట్టముక్కనే చూస్తూ కూర్చుంది.

"ఆకు రాకపోతే డిసెంబరుకి మీ వరస మూసేస్తాను. బెదిరించడం కాదు తల్లీ. నూట నలభై మందికి పని చూపించడం నా వల్లకాదు, ఆర్డరు లేకపోతే."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఒతీలియాకు తెలుసు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ బరువుగా ఉంది.

మా ఊళ్ళో నీళ్ళు రెండు రకాలు. ఒకటి సొరంగం నీళ్ళు. ముత్తాతలు కొండ కడుపులోకి తొలుచుకుంటూ పోయి, ఊటను పట్టుకుని ఊళ్ళోకి తెచ్చారు. వాటికి వంతులున్నాయి. ఏ ఇంటికి ఎన్ని గంటలో పుస్తకంలో రాసి ఉంటుంది. ఒతీలియా అత్తగారింటికి ఇరవై ఒక్క రోజులకోసారి గంటన్నర. ఆ గంటన్నర నీళ్ళతో ఇంటి వెనక మడి తడుస్తుంది. అక్కడ ఎర్ర మొక్కజొన్న వేస్తారు. గింజ చిన్నది, ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే.

రెండోది కాలువ. దానికి వంతూ లేదు, పుస్తకమూ లేదు. ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలు వచ్చాక అది ఒకరోజు నీలం, ఒకరోజు ఊదా. దానిమీద పెద్ద పొలాలు పండుతాయి. తెల్ల మొక్కజొన్న, గింజ లావు, పొత్తు చూడముచ్చటగా ఉంటుంది. ఆ గింజ ఇంట్లోకి రాదు. వసారాలో సంత గోతంలో పోస్తారు, శనివారం బండెక్కించి పట్నం సంతకు తోలేస్తారు. ఇంటి గోతం లోపలి గదిలో ఉంటుంది. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కాపురానికి వచ్చిన కోడలు మొదటి వారంలోనే ఏ గోతం ఏదో చూసి తెలుసుకుంటుంది. దాచుకోవడమెందుకు, ఒతీలియా వరసలోనే పనిచేస్తూ ఈ కథ చెబుతున్న నేనూ అమ్మినదాన్నే. పదకొండేళ్ళు అమ్మాను.

ఆ సాయంత్రం ఒతీలియా సంగతి చెబితే మొగుడు ప్లాసిదో కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. మోకాళ్ళ దాకా చర్మం పొరలు లేచి ఉంది. సొరంగం నీళ్ళు చెంబుడు తీసి మెల్లిగా పోసుకుంటున్నాడు.

"చెప్పేయ్" అన్నాడు. "నువ్వు చెప్తే మాత్రం నీళ్ళు మారతాయా, చెప్పకపోతే మారతాయా? కుర్చీ అయినా దక్కుద్ది."

"నీకేం అనిపించట్లేదా?"

"అనిపించి ఏం చెయ్యను? నీ ముక్కులో రక్తం ఆగితే నాకదే చాలు."

అత్త తోమసా, భోజనం మాట ఒక్కటే చెవిన పడి, పొయ్యి దగ్గరనుంచి అడిగింది. "ఎంతమంది వస్తున్నారే?"

"ఆ అమ్మాయి, ఇంజనీరు, మా వరసలోంచి నలుగురు ఆడాళ్ళు. పొలంలోనే అత్తా, నువ్వక్కడే పెనం పెట్టాలి."

"పొలంలో భోజనమేంటో! పట్నంలో బల్లల్లేవా వీళ్ళకి?"

బుధవారం అందర్నీ పొద్దుపోయేదాకా ఉంచేసి ఫ్యాక్టరీ కడిగించారు. నేలకంటిన నీలిరంగు బ్రష్షులతో తోమి తోమి ఒతీలియా మణికట్లు వాచాయి. ఇంటికొచ్చేసరికి అత్త రొట్టెల పిండి కోసం గింజలు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి మూత పెట్టేసింది. "సరిపోతాయా?" అని మాత్రం అడిగింది ఒతీలియా. "మిగులుతాయి" అంది అత్త. ఏ గోతంలోంచి తీశావని ఒతీలియా అడగలేదు. అడగాలని తోచలేదు. నిద్ర ముంచుకొస్తోంది.

గురువారం వచ్చిన అమ్మాయి పేరు రెనాతా. ముప్పై ఉండవు. ఎండకు ముక్కు కొస ఎర్రగా కమిలి, పొట్టు లేచి ఉంది. ఈ వారంలో ఇది నాలుగో ఫ్యాక్టరీ అట. ఇంజనీరు గొడుగు పట్టబోతే వద్దంది. చెట్టు నీడన ఆయన్ని వదిలేసి, ఒతీలియాతో కాలువ గట్టు వెంట నడిచింది. కాలువ తేటగా ఉంది. మూడు రోజులుగా నీలిమందు తొట్లు ఆపేశారు, శుభ్రం చేసే తొట్లు తిప్పుతున్నారు.

"నీళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

"ఉంటాయండీ."

"మీ ఆయన రోజూ ఈ నీళ్ళలోనే దిగుతారా?"

"దిగుతారండీ."

"ఒంటికేమీ ఇబ్బంది లేదా?"

"ఏముందండీ, నీళ్ళే కదా."

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఒతీలియా అనుకోలేదు. రాస్తున్న అమ్మాయి చేతివైపు చూడకుండా ఉంటే చాలు.

రెనాతా పుస్తకం మూసి గట్టుమీద కూలబడింది. బూటు విప్పి అందులోని ఇసుక దులిపింది. "ఒక మాట చెప్పనా ఒతీలియాగారూ? కాలేజీలో ఉన్నప్పుడు నెలకో ప్యాంటు కొనేదాన్ని. రెండుసార్లు తొడిగి పారేసేదాన్ని. తరవాత సిగ్గేసి ఈ పనిలో చేరాను. ఆరేళ్ళయింది. నేను బాగుందని రాస్తే ఆకు ఇస్తారు. బాగోలేదని రాస్తే ఏం చేస్తారో తెలుసా? ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ వెతుక్కుంటారు. అంతేగానీ రేటు పెంచరు, ఆర్డరు కాస్త నిదానంగా ఇవ్వరు. వారం వారం కొత్త రకం కావాలి వాళ్ళకి. అది మార్చమని రాసిన కాగితం ఇంతవరకు ఒక్కరూ చదవలేదు."

"మరెందుకండీ రాయడం?"

"అదే నాకూ తెలీదు" అని నవ్వింది రెనాతా. "పదండి, ఆకలేస్తోంది."

ఆ అమ్మాయి మంచిది కాకపోయి ఉంటే బాగుండుననిపించింది ఒతీలియాకు. బల్లకు అవతల కూర్చుని దర్జాగా మాట్లాడే రకమైతే, వంద అబద్ధాలైనా చెప్పి ఇంటికి పోవచ్చు.

చెట్టుకింద తోమసా అప్పటికే పెనం పెట్టింది. ఫిలోతో కలిపి మేము నలుగురం ఆడవాళ్ళం చాపమీద కూర్చున్నాం. ఏం మాట్లాడకూడదో మాకు ముందే చెప్పి పంపారు. చిక్కుడు గింజల కూర, రోట్లో నూరిన మిరపకాయ పచ్చడి, వేడి వేడి రొట్టెలు. ఇంజనీరు ఆగలేక అప్పటికే రెండు తిని, మూడోది చుడుతున్నాడు.

"అమృతంలా ఉన్నాయి తోమసాగారూ! ఈ పొలం గింజ రుచే వేరు" అన్నాడు, అమ్మాయికి వినపడేలా.

రెనాతా కింద కూర్చుంది. తోమసా పెనం మీది రొట్టె తీసి ఆమె చేతిలోనే పెట్టింది. ఇంకా పొగలు కక్కుతోంది. రెనాతా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఉప్పు చల్లుకుంది.

"మీరూ కూర్చోండి ఒతీలియాగారూ. మీరు తింటేనే నేను తినేది."

ఒతీలియా కూర్చుని రొట్టెల బుట్టలో చెయ్యి పెట్టింది. రొట్టె తెల్లగా ఉంది.

తన ఇంట్లో రొట్టె ఎర్రగా ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా రోజూ తింటున్నది. ఇది తెల్లగా, లావుగా, మెత్తగా ఉంది. ఆమె అత్తవైపు తిరిగి మా నవాత్ భాషలో అడిగింది. ఆ భాష ఇంజనీరుకూ రాదు, అమ్మాయికీ రాదు.

"అత్తా, ఏ గోతంలోది?"

"ఏ గోతమేంటే?" తోమసా పిండిముద్ద తడుతూనే ఉంది. "సంత గోతం. బయటోళ్ళకేగా."

ముసలావిడ తప్పేమీ చెయ్యలేదు. నలభై ఏళ్ళుగా చేస్తున్నదే చేసింది. ఇంటివాళ్ళకు ఇంటి గోతం, బయటివాళ్ళకు సంత గోతం. చెప్పి ఉంటే వేరుగా చేసేది. ఎవరూ చెప్పలేదు.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఒక్క రొట్టెతో ఎవరూ చావరు. ఇంజనీరు తిని గుండ్రాయిలా కూర్చున్నాడు. ఏడాది పొడుగునా ఎంతమంది తినడం లేదు? అక్కడ ఒతీలియా ఆలోచన ఆగింది. ఎంతమంది? ఆ లెక్క ఆమెకు అంతవరకు ఎప్పుడూ తట్టలేదు. శనివారం బండి వెళ్తుంది, డబ్బు తిరిగొస్తుంది. బండికీ డబ్బుకీ మధ్య మనుషులుంటారని తెలియక కాదు. వాళ్ళకు మొహాలు లేవు. ఇప్పుడు ఎదురుగా ఒక మొహం, ముక్కు కొసన పొట్టు లేచి, రొట్టెను చుట్టి నోటి దగ్గరకు తెచ్చుకుంటోంది.

సోమవారం, కుర్చీ, ఊదామందు, పక్కన కూర్చున్న ఫిలో, ఫిలో ఇద్దరు పిల్లలు, అన్నీ ఒకేసారి ఆమె కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"అమ్మాయిగారూ, అది తినకండి."

రెనాతా చెయ్యి ఆగింది.

"వేడిగా ఉందని చెప్తోంది" అన్నాడు ఇంజనీరు, నోటినిండా రొట్టెతో.

"వేడిక్కాదండీ" అంది ఒతీలియా. "ఇది ఈ పొలం గింజ."

ఇంజనీరు తృప్తిగా తలాడించాడు. చెప్పమన్న మాటే అది.

"ఈ పొలం గింజే ఇంజనీరుగారూ. నిజంగానే. అత్త సంత గోతంలోంచి తీసింది."

ఆయన నమలడం ఆగిపోయింది. గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఒక్క క్షణం కళ్ళు తేలేశాడు. మింగనూ లేకపోయాడు, నోట్లో ఉంచుకోనూ లేకపోయాడు. పక్కకు తిరిగి గడ్డిలో ఉమ్మేశాడు. చేతిరుమాలు తీసి నాలుక తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. తల ఎత్తేసరికి రెనాతా ఆయన్నే చూస్తోంది. ఆ అమ్మాయి గట్టుమీద రాసుకున్న కాగితాలన్నిటికంటే ఆ ఉమ్మే ఎక్కువ చెప్పింది.

"ఏమైందే?" అంది తోమసా. "ఉప్పెక్కువైందా?"

రెనాతా రొట్టెను జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టింది.

"మీ ఇంట్లో ఇది తినరా?"

"తినమండీ. అమ్ముతాం."

"ఎవరికి?"

ఆ ప్రశ్న వస్తుందని ఒతీలియా అనుకోలేదు. ఫ్యాక్టరీ గురించి అడుగుతుందనుకుంది. తొట్లు ఎన్ని రోజులు తిరుగుతాయి, ఎవరు అబద్ధం చెప్పమన్నారు, అలాంటివి. వాటికి జవాబులు అప్పటికే నాలుక చివర ఉన్నాయి.

"ఎవరో తెలీదండీ" అంది చివరికి. "తెలిస్తే అమ్మలేం."

"లేవండి, వెళ్దాం" అన్నాడు ఇంజనీరు నిలబడి. "ఒంట్లో బాగాలేదు ఈవిడకి. మందు పని చేసేవాళ్ళు ఒక్కోసారి ఇలాగే మాట్లాడతారు."

అన్నాక, ఏమన్నాడో ఆయనకే తెలిసింది. మందు మనుషుల్ని పాడుచేస్తుందని తన నోటితోనే ఒప్పుకున్నాడు.

ఫిలో ఒతీలియా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నూట నలభై మందిమి ఉన్నామే" అంది, పెదవులు కదపకుండా. "ఊరి సంత అమ్మకం కూడా పోయింది. ఏం చేశావే తల్లీ." అందులో తిట్టు ఎంతో ఏడుపు ఎంతో మాకు తెలియలేదు. ఒతీలియా చెయ్యి విడిపించుకోలేదు. దూరంగా ప్లాసిదో పారమీద చేతులు పెట్టుకుని మావైపే చూస్తున్నాడు.

రెనాతా లేవలేదు. పుస్తకం తెరిచి, గట్టుమీద రాసిన పేజీ తిప్పేసి, తెల్ల కాగితం తీసింది. తరవాత మా నలుగురివైపు తిరిగింది.

"మీరు కూడా అమ్ముతారా?"

అలవాటుకొద్దీ లేదని చెప్పడానికి ఫిలో తల అడ్డంగా ఊపబోయింది. సగంలో ఆగిపోయింది.